నలభై దాటాక నెలసరి తప్పుతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, నర్సంపేట, పరకాల వైపు మహిళా సంఘం మీటింగుల్లో లోన్ వాయిదాల ముచ్చట అయిపోయాక, మగవాళ్లెవరూ దగ్గర్లో లేరని చూసుకుని, ఎవరో ఒకరు మెల్లగా ఎత్తే విషయం ఇదే. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ అనుమానాలు అవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీ ప్రశ్న ఎక్కడుందో వెతుక్కుని అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది. దీన్ని చదివి మందు వేసుకోవద్దు, డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలుసుకోండి.

## నెల తప్పినప్పుడు

నాకు 44. రెండు నెలల నుంచి డేట్ రాలేదు. ఇక ఆగిపోయినట్టేనా?

ఇప్పుడే చెప్పలేం. వరసగా 12 నెలలు అసలు రాకపోతేనే నెలసరి పూర్తిగా ఆగినట్టు లెక్క. పదో నెలలో మళ్లీ వస్తే లెక్క మొదటికొస్తుంది. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు ఆగుతుంది. అయితే ఒక్కరోజులో ఆగేది కాదు. అంతకుముందు కొన్నేళ్లు, చాలామందికి నాలుగేళ్ల దాకా, తేదీలు అటూ ఇటూ అవుతుంటాయి. అండాశయాల్లో అండాలు తగ్గిపోవడంతో కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అలాంటి నెలల్లో డేట్ వెనక్కి పోతుంది, లేదంటే వచ్చినప్పుడు విపరీతంగా పోతుంది. మొదట్లో వారం పది రోజుల తేడా ఉంటుంది. 60 రోజులకు మించిన ఖాళీలు రావడం మొదలైతే ఆగే దశ దగ్గరపడిందని అనుకోవచ్చు. అంతా వయసు మీదికి నెట్టేసే ముందు మాత్రం కడుపు కాదని తేల్చుకోవాలి.

బిడ్డ పెళ్లి కూడా చేశాను. ఈ వయసులో నాకు కడుపా?

నిలవవచ్చు. అవకాశం తక్కువే, కానీ ఉంది. డేట్లు తారుమారైన ఆడవాళ్లకు ఏ నెలలో అండం విడుదలవుతుందో తెలియదు, అందుకే "నాకు ఆగిపోతోంది కదా" అని జాగ్రత్త మానేసినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. కిట్ మెడికల్ షాపులో చవగ్గా దొరుకుతుంది, ఆశా వర్కర్‌ను అడిగితే ఊరికే ఇస్తారు. ఒక గీత వచ్చి, అప్పటికీ డేట్ రాకపోతే వారం ఆగి మళ్లీ చేయండి.

రెండు గీతలు వస్తే సిగ్గుపడి మెడికల్ షాపులో కడుపు పోగొట్టే మాత్రలు తెప్పించుకుని మింగవద్దు. ఆ మాత్రలు ఎన్నో వారమో కచ్చితంగా తెలిస్తేనే వేసుకోదగ్గవి. డేట్లు సరిగా లేనివాళ్లకు ఆ లెక్క స్కానింగ్ లేకుండా తేలదు. చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు. పెద్దవాళ్లకు భర్త సంతకం అక్కర్లేదు. మీ పేరు బయటపెట్టకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

పిల్లలు కాకుండా ఆపరేషన్ ఎప్పుడో అయింది. నాకు ఆ టెస్ట్ ఎందుకు?

ఆ ఆపరేషన్ కూడా అరుదుగా ఫెయిల్ అవుతుంది. ఆపరేషన్ అయిన 200 మందిలో సుమారు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకసారి కడుపు నిలుస్తుంది. అలా నిలిచినప్పుడు అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచే ప్రమాదం ఎక్కువ. డేట్ తప్పి, పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి, కొంచెం కొంచెం రక్తం, కళ్లు తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకోమాట. "ఆపరేషన్ చేయించుకున్నందుకే నాకు తొందరగా ఆగిపోతోంది" అని చాలామంది బాధపడతారు. ఆ ఆపరేషన్‌లో ముట్టుకునేది ట్యూబులనే. అండాశయాల పని అలాగే సాగుతుంది.

డేట్ రాకపోతే చెడు రక్తం లోపలే పేరుకుపోయి ఒళ్లు వస్తుందట, నిజమేనా?

నిజం కాదు. నెలనెలా పోయేది చెడు రక్తం కాదు, గర్భసంచి లోపలి పొర. ఆ నెల పొర పెరగకపోతే పోవడానికి ఏమీ ఉండదు. నడుము చుట్టూ కొవ్వు చేరడం ఈ వయసులో హార్మోన్ల మార్పు, తగ్గిన కదలిక, థైరాయిడ్ లాంటి వాటివల్ల జరుగుతుంది.

అయితే దీనికి దగ్గరగా ఉండే అసలు సమస్య ఒకటుంది. అండం విడుదల కాని నెలల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పనిచేస్తూనే ఉండి, దాన్ని అదుపు చేసే ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ లేకపోతే పొర మందంగా పెరుగుతూ పోవచ్చు. మూడు నాలుగు నెలలు రాక, తర్వాత ఒకేసారి పదిహేను రోజులు పోయేది చాలావరకు ఇందుకే. ఇది పదేపదే జరుగుతుంటే, అందులోనూ బరువు ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకు, తప్పకుండా చూపించుకోవాల్సిన విషయం.

నువ్వులు బెల్లం, బొప్పాయి తింటే డేట్ వస్తుందా?

తినండి, మంచి తిండే. డేట్ తెప్పిస్తాయనడానికి మాత్రం ఆధారం లేదు. తిన్న వారానికి వచ్చిందంటే అది ఎలాగూ వచ్చేదే.

ఇంట్లో టెన్షన్ వల్ల తప్పుతుందా?

తప్పుతుంది. అప్పుల ఒత్తిడి, నిద్ర లేకపోవడం, జబ్బు చేసి సన్నబడటం, ఒక్కసారిగా బరువు పెరగడం, ఇవన్నీ కారణాలే. థైరాయిడ్ తేడా కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది: అలసట, జుట్టు ఊడటం, చలికి ఓర్చుకోలేకపోవడం. మానసిక వైద్యానికి వాడే కొన్ని మాత్రలు ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచి నెలసరి ఆపేస్తాయి. రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తుంటే అది డాక్టర్‌కు చెప్పండి. ఆ మాత్రలు మీ అంతట మీరు మానేయవద్దు, మార్చి ఇస్తారు.

నాకు 37 ఏళ్లే. ఆరు నెలల నుంచి వస్తలేదు. మా యారాలు "పోనీలే, పీడ పోయింది" అంటోంది.

పీడ పోలేదు. నలభైలోపు ఆగిపోవడం వంద మందిలో సుమారు ఒకరికి జరుగుతుంది. దాన్ని వయసు మార్పుగా తీసుకోరు, వైద్యం చేయాల్సిన సమస్యగానే చూస్తారు. ఈస్ట్రోజన్ పదేళ్లు ముందే తగ్గిపోతే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. నలభైలోపు మూడు నెలలు వరసగా రాకపోతే కడుపు లేదని చూసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎఫ్ఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష, అవసరమైతే నెల తర్వాత మళ్లీ ఒకసారి, చేసి నిర్ధారిస్తారు. ఇదేనని తేలితే మామూలుగా ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ మందు ఇవ్వడం సరైన వైద్యం. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఇంకా త్వరపడాలి.

## తేదీలు తారుమారై, ఎక్కువగా పోతున్నప్పుడు

నెలకు రెండుసార్లు వస్తోంది. వయసు వల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. మొదటి రోజు నుంచి మళ్లీ మొదటి రోజుకు 24 నుంచి 38 రోజుల మధ్య ఉంటే మామూలే. అంటే 25 రోజులకోసారి వచ్చే మనిషికి ఒకే ఇంగ్లీషు నెలలో రెండుసార్లు పడటంలో వింత లేదు. కాబట్టి ముందు లెక్క రాయండి. గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే, వచ్చిన ప్రతి రోజూ ఒక చుక్క పెట్టండి, ఎక్కువ పోయిన రోజు రెండు చుక్కలు. మూడు నెలల చుక్కలు చూపిస్తే డాక్టర్‌కు సగం పని అయిపోతుంది. "ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

లెక్కలో నిజంగానే 24 రోజులకంటే ముందు వస్తోందని, లేదా మధ్యమధ్యలో మరకలు పడుతున్నాయని తేలితే పరీక్ష చేయించుకోవాలి. గర్భసంచిలో పిలక (పాలిప్), ఫైబ్రాయిడ్ అనే కండ గడ్డ, గర్భసంచి గోడ ఉబ్బడం, థైరాయిడ్, పొర మందం కావడం, ఇవి ఎక్కువగా కనిపించే కారణాలు. క్యాన్సర్ తక్కువమందికి ఉంటుంది, కానీ నలభై దాటాక అది లేదని తేల్చుకున్నాకే మిగతా మాట.

ఎంత పోతే 'ఎక్కువ' అనాలి? నాకు మొదటి నుంచీ ఇంతే.

మొదటి నుంచీ ఇంతే అన్నవాళ్లలోనే రక్తం (హిమోగ్లోబిన్) 7 గ్రాములే ఉన్నవాళ్లు కనిపిస్తారు. గంట రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి రావడం, ఒకదాని మీద ఒకటి రెండు పెట్టుకోవడం, రాత్రి లేచి మార్చుకోవడం, రూపాయి బిళ్లకంటే పెద్ద గడ్డలు పడటం, 8 రోజులు దాటి పోవడం, ఆ రోజుల్లో బయటికి వెళ్లలేకపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్కువే. బట్ట వాడేవాళ్లు కూడా ఎన్నిసార్లు మార్చారో లెక్కపెట్టుకోవచ్చు.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు మూడు గంటలు ఆగకుండా తడుస్తూ, లేస్తే కళ్లు తిరుగుతుంటే, గుండె దడదడలాడుతుంటే 108కి ఫోన్ చేయండి.

పత్తి ఏరుతుంటే ఆయాసం, నీరసం. రక్తం తక్కువని మాత్రలు ఇచ్చారు. అవి చాలవా?

మాత్రలు అవసరమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, 57 శాతానికి మించి, రక్తహీనతతో ఉన్నారు. కానీ నెలనెలా విపరీతంగా పోతుంటే ఎన్ని మాత్రలు మింగినా రక్తం పెరగదు. పోవడాన్ని ఆపే వైద్యం, రక్తం పెంచే వైద్యం రెండూ కలిపి జరగాలి.

ఐరన్ మాత్ర వేసుకున్నాక గంట దాకా చాయ్ తాగవద్దు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మన దగ్గర మాత్ర, చాయ్ రెండూ పొద్దున్నే పడతాయి కాబట్టి మాత్రను రాత్రికి మార్చుకోవడం తేలిక. మలం నల్లగా రావడం మామూలే. రక్తం 12 గ్రాములకు చేరాక కూడా మూడు నెలలు కొనసాగించాలి. మాత్రలు పడనివాళ్లకు, బాగా తక్కువ ఉన్నవాళ్లకు నరానికి ఎక్కించే ఐరన్ ఉంది. రక్తం ఎక్కించేదాకా తెచ్చుకోవద్దు.

భర్తతో కలిశాక కొంచెం రక్తం కనబడుతోంది. ఎవరికి చెప్పాలన్నా సిగ్గు.

డేట్లు తప్పడానికీ దీనికీ సంబంధం లేదు, వయసు ఖాతాలో వేయకూడని లక్షణం ఇది. గర్భాశయ ముఖద్వారం దగ్గర పుండు, ఇన్ఫెక్షన్, పిలక, పొడిబారడం లేదా క్యాన్సర్ కావచ్చు. ముఖద్వారాన్ని కళ్లతో చూసి చేసే పరీక్ష ఐదు నిమిషాల పని. దాని మీద వెనిగర్ లాంటి ద్రవం పూసి తెల్లబడుతుందా అని చూస్తారు. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి ఇది చేయాలి. ఏ లక్షణమూ లేనివాళ్లకే అలా చెప్పారంటే, రక్తం కనబడినవాళ్లు ఈ వారమే వెళ్లాలి. వాసనతో కూడిన నీళ్లలాంటి తెల్లబట్ట అవుతున్నా అంతే.

బతుకమ్మకు, మేడారం జాతరకు డేట్ వెనక్కి జరిపే మాత్రలు వేసుకోవచ్చా?

పండుగ నెల వస్తే మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా అమ్ముడుపోయే మాత్రలు ఇవి. నొరెథిస్టరాన్ అనే హార్మోన్ ఉంటుంది. డేట్ సరిగ్గా వచ్చేవాళ్లు, వేరే జబ్బులు లేనివాళ్లు, డాక్టర్‌ను అడిగి, డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెట్టి కొద్ది రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆపిన రెండు మూడు రోజులకు డేట్ వస్తుంది.

నలభై దాటి డేట్లు తారుమారైనవాళ్ల సంగతి వేరు. 'డేట్‌కు మూడు రోజుల ముందు' అంటే ఏ రోజో మీకే తెలియదు. ఆలస్యంగా మొదలుపెడితే జాతరలో, సరిగ్గా జంపన్న వాగు దగ్గర, మరకలు మొదలవుతాయి. కడుపు ఉంటే తెలియకుండా వేసుకున్నట్టవుతుంది. కారణం తేలని బ్లీడింగ్ ఉన్నవాళ్లు వేసుకుంటే అసలు జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం, గుండె జబ్బు, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు అసలే వాడకూడదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ, ఆ తర్వాత దసరాకూ అని పొడిగిస్తూ పోవడం మంచిది కాదు. ఒకరికి రాసిన మాత్రలు సంఘంలో పంచుకోవడం ఇంకా మంచిది కాదు.

నా మటుకు నేను, రెండేళ్లకోసారి వచ్చే జాతరకు డాక్టర్‌ను అడిగి వాడుకోవడాన్ని తప్పుపట్టను. ప్రతి వ్రతానికీ, ప్రతి పెళ్లికీ ఒంటిని ఇలా సర్దమనడం మాత్రం న్యాయం అనిపించదు.

## డాక్టర్ దగ్గర, టెస్టుల దగ్గర

ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటులో చూపించుకునే స్తోమత లేదు.

ముందు మీ పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా లేదా పీహెచ్‌సీ. రాష్ట్రంలో 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లు మొదలయ్యాయి. మంగళవారాల్లో ఆడవాళ్లకే అని పెట్టిన వాటిలో నెలసరి సమస్యలు, ముట్టు ఆగే దశ ఇబ్బందులు, క్యాన్సర్ పరీక్షలు ఉన్నాయి. మీ దగ్గర ఏ కేంద్రంలో నడుస్తోందో ఆశా వర్కర్‌ను లేదా ఏఎన్ఎంను అడగండి. థైరాయిడ్‌తో సహా రక్తపరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితం. రక్తం పీహెచ్‌సీలోనే తీసుకుంటారు. స్కానింగ్, స్పెషలిస్టు కావాలంటే వరంగల్‌లో సీకేఎం ప్రసూతి ఆసుపత్రి, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, పెద్ద సమస్యకు ఎంజీఎం ఆసుపత్రి ఉన్నాయి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి "మళ్లొకసారి రమ్మన్నారు" అన్నా భయపడక్కర్లేదు. పొద్దున తొమ్మిదికల్లా చేరుకోండి, ఓపీ చీటీ లైను అప్పుడే తక్కువ.

మగ డాక్టర్ ఉంటే?

పరీక్ష చేసేటప్పుడు నర్సు గానీ, మీతో వచ్చిన ఆడమనిషి గానీ పక్కన ఉండాలని అడగండి. అది మీ హక్కు.

ఏమేం టెస్టులు చేస్తారు? హార్మోన్ టెస్టులకు మూడు వేలు అన్నారు.

మొదట కావలసినవి కొన్నే: మూత్రంతో కడుపు పరీక్ష, రక్తం ఎంతుందో చూసే సీబీసీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్, బీపీ, ముఖద్వారం పరీక్ష, పొత్తికడుపు స్కానింగ్. కొందరికి ప్రొలాక్టిన్.

45 దాటి డేట్లు తప్పుతూ ఆవిర్లు (ఉన్నట్టుండి ఒంట్లో వేడి, చెమట) వస్తున్న మనిషికి ఎఫ్ఎస్‌హెచ్ లాంటి హార్మోన్ పరీక్షలు సాధారణంగా అక్కర్లేదు. ఈ దశలో ఆ అంకె వారం వారం మారుతుంది. ఇవాళ ఎక్కువ వచ్చి, వచ్చే నెల మామూలుగా రావచ్చు. వయసు, లక్షణాలు చూసే చెప్పవచ్చు. అందుకే పెద్ద ప్యాకేజీ రాస్తే "దీని ఫలితాన్ని బట్టి వైద్యం ఏమైనా మారుతుందా?" అని అడగండి. మారదంటే ఆ డబ్బు మిగిలినట్టే.

స్కానింగ్‌లో 'పొర మందంగా ఉంది' అని రాశారు. క్యాన్సరా?

ఆ ఒక్క మాటతో భయపడవద్దు. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లలో ఆ పొర రోజును బట్టి మారుతుంది. డేట్ అయిపోగానే 3, 4 మిల్లీమీటర్లు, వచ్చే ముందు 14, 15 కూడా ఉంటుంది. స్కాన్ ఏ రోజు తీశారో తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు.

నలభై, నలభై ఐదు దాటి బ్లీడింగ్ సరిగా లేనివాళ్లకు పొర ముక్క తీసి ల్యాబ్‌కు పంపడం అసలైన పరీక్ష. సన్నటి గొట్టం లోపలికి పెట్టి ఓపీలోనే కొన్ని నిమిషాల్లో తీయవచ్చు. డేట్ నొప్పిలాంటి నొప్పి కొద్దిసేపు ఉంటుంది. "క్లీనింగ్" అని మన దగ్గర పిలిచే డి అండ్ సి కూడా మత్తు ఇచ్చి చేసే ఇలాంటి పనే. ఏ పద్ధతిలో తీసినా రిపోర్టు తెచ్చుకోండి. ముక్క తీశాక రిపోర్టు కోసం మళ్లీ వెళ్లనివాళ్లు చాలామంది.

ఫైబ్రాయిడ్ గడ్డ, నీటి బుడగ ఉన్నాయన్నారు. ఏం చేయాలి?

ఇబ్బంది పెట్టని చిన్న ఫైబ్రాయిడ్‌ను ఏమీ చేయక్కర్లేదు. నెలసరి ఆగాక అవి చాలావరకు కుంచించుకుపోతాయి. అండాశయంలో మామూలు నీటి బుడగ చాలాసార్లు దానంతటదే పోతుంది. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీసి చూస్తారు. ఆగిపోయాక కొత్తగా పెరిగే ఫైబ్రాయిడ్‌ను, లోపల గట్టి భాగాలున్న బుడగను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

## మందులు, ఆపరేషన్

ఆపరేషన్ లేకుండా బ్లీడింగ్ తగ్గే మార్గం ఉందా?

ఉంది, చాలామందికి సరిపోతుంది కూడా. పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ రక్తం పోవడాన్ని బాగా తగ్గిస్తుంది. మెఫెనమిక్ యాసిడ్ నొప్పిని, కొంతవరకు బ్లీడింగ్‌ను తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లు మొదటిది, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రెండోది వాడకూడదు. అండం విడుదల కాక పొర పెరుగుతుంటే నెలలో కొన్ని రోజులు ప్రొజెస్టరాన్ మాత్రలు ఇస్తారు.

ఇక మన దగ్గర తక్కువమందికి తెలిసినది, కాపర్ టీలా గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం. అది కొంచెం కొంచెంగా హార్మోన్ వదులుతూ పొరను పలచగా ఉంచుతుంది, ఐదేళ్లు, ఆపైన కూడా పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చిన్న చిన్న మరకలు పడతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల చాలామంది రెండో నెలలోనే తీయించేసుకుంటారు. 45 ఏళ్ల మనిషికి పెడితే నెలసరి ఆగే వయసుదాకా గడిచిపోవచ్చు. ప్రైవేటులో కొన్ని వేల ఖర్చు, అయినా ఆపరేషన్ కంటే చాలా తక్కువ.

"పిల్లలు ఎలాగూ అయిపోయారు, గర్భసంచి తీసేద్దాం" అంటున్నారు. తీయించుకోవాలా?

మన రెండు తెలుగు రాష్ట్రాలు ఈ ఆపరేషన్‌లో దేశానికే ముందున్నాయి, గర్వపడే విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 8 శాతానికి పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్లున్నారు. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకు మాత్రమే. ఇంత తేడా జబ్బుల వల్ల వచ్చిందని నేను నమ్మను. అవసరం లేని ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

తీయాల్సిన సందర్భాలు లేవని కాదు. క్యాన్సర్, క్యాన్సర్‌కు ముందు దశ, మందులకూ పరికరానికీ లొంగని బ్లీడింగ్, బాగా పెద్ద ఫైబ్రాయిడ్లు, బయటికి జారిన గర్భసంచి, వీటికి తీయడమే మేలు కావచ్చు. అలాంటప్పుడు వాయిదా వేయవద్దు. తెల్లబట్ట, నడుంనొప్పి, డేట్ రెండుసార్లు తప్పడం, స్కాన్‌లో చిన్న గడ్డ, "రేపు క్యాన్సర్ కావచ్చు" అనే భయం, ఇవి ఒక్కొక్కటిగా తీసుకుంటే తీయడానికి కారణాలు కావు. నడుంనొప్పి ఆపరేషన్ తర్వాత కూడా అలాగే ఉంటుంది.

ఒప్పుకునే ముందు నాలుగు మాటలు అడగండి. నాకున్న జబ్బు పేరేంటి, రిపోర్టులో ఎక్కడుంది? ముందుగా ఏ మందు వాడి చూశాం, ఎన్ని నెలలు? ముక్క పరీక్ష అయిందా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? చివరిది అందరికంటే తక్కువగా అడిగేది, అన్నిటికంటే ముఖ్యమైనది. అండాశయాలు కూడా తీసేస్తే మర్నాటి నుంచే హార్మోన్ ఆగిపోతుంది, ఆవిర్లు ఒక్కసారిగా మొదలవుతాయి, ఎముకలకూ గుండెకూ నష్టం. ఉంచినా, కొందరికి ఆగే వయసు ఒకటి రెండేళ్లు ముందుకు జరుగుతుంది. ప్రాణం మీదికి వచ్చిన బ్లీడింగ్ కానంతవరకు రేపే చేయాల్సిన పని కాదిది. ఫైలు తీసుకుని ఇంకో డాక్టర్‌కు, వీలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో, చూపించండి. "మళ్లీ ఆరోగ్యశ్రీలో చాన్స్ రాదు" అని ఎవరైనా తొందరపెడితే అది వైద్య కారణం కాదు.

పన్నెండేళ్ల కింద గర్భసంచి తీశారు. అండాశయాలు ఉన్నాయో లేవో నాకు తెలియదు.

డిశ్చార్జి కాగితం ఉంటే అందులో రాసి ఉంటుంది. లేకపోతే ఆపరేషన్ అయిన కొన్ని వారాల్లోనే ఒళ్లంతా ఆవిర్లు వచ్చాయా గుర్తుచేసుకోండి. వచ్చి ఉంటే రెండూ తీసి ఉండవచ్చు. స్కాన్, రక్తపరీక్ష కొంత చెప్పగలవు. 45లోపు రెండూ తీసేసి ఉంటే ఎముకల బలం, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. హార్మోన్ మందు పనికొస్తుందేమో అడగాలి.

## ఆవిర్లు, నిద్ర, మనసు

మిర్చి ఏరుతుంటే ఒక్కసారిగా ఒంట్లోంచి మంటలు లేచి చెమటతో తడిసిపోతున్నా. ఎండదెబ్బనా?

ఛాతీ నుంచి మెడకు, ముఖానికి వేడి ఎక్కి, చెమట పట్టి, కొన్ని నిమిషాల్లో చల్లబడితే అవి హార్మోన్ ఆవిర్లు. రాత్రిపూట కూడా వస్తే నిద్ర పాడవుతుంది. ఎండదెబ్బ అయితే నీడకు వచ్చినా వెంటనే తగ్గదు, తలనొప్పి, వాంతి, తికమక ఉంటాయి. ఎండలో పనిచేసే ఆడవాళ్లకు రెండూ కలిసి రావచ్చు కాబట్టి నీళ్లు, నీడ, వదులు నూలు బట్టలు, పొద్దున్నే పని ముగించుకోవడం ముఖ్యం. రాత్రి చెమటతో పాటు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించుకోండి.

ఆవిర్లు బతుకును ఇబ్బంది పెడుతుంటే హార్మోన్ మందే అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. 60లోపు, నెలసరి ఆగిన పదేళ్లలోపు, వేరే అడ్డంకులు లేనివాళ్లకు లాభం ఎక్కువ, ప్రమాదం తక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు, ప్రొజెస్టరాన్ తోడుండాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టినవాళ్లకు, కారణం తేలని బ్లీడింగ్ ఉన్నవాళ్లకు ఇవ్వరు. వాళ్లకు హార్మోన్ కాని మాత్రలున్నాయి.

ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఇంట్లోవాళ్లు "పిచ్చి పట్టిందా" అంటున్నరు.

పిచ్చి కాదు. హార్మోన్ల ఊగిసలాట, తెగిన నిద్ర, రక్తహీనత, థైరాయిడ్, అన్నీ మనసు మీద పడతాయి. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకుండా, బతకాలనిపించకుండా ఉంటే అది డిప్రెషన్, దానికి మందు ఉంది. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కలయిక అంటేనే నొప్పి. మూత్రం మంట కూడా తరచూ వస్తోంది.

హార్మోన్ తగ్గి ఆ చోటు పొడిబారడం వల్ల. నీటి ఆధారిత జెల్‌తో కొంత సుఖం. డాక్టర్ రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ ఆ భాగం వరకే పనిచేస్తుంది, ఒంటికి పట్టేది చాలా తక్కువ. సబ్బుతో, డెటాల్‌తో లోపల కడగడం మానేయండి.

## ఆగిపోయాక

ఏడాదిన్నర కింద ఆగింది. మొన్న కొంచెం కనబడింది. అత్తమ్మ "ఒంట్లో వేడి, ఏం కాదు" అంటోంది.

ఏడాది దాటాక ఒక్క మరక కనబడినా డాక్టర్‌కు చూపించాల్సిందే. ఎరుపు కాకుండా గోధుమరంగు మరకైనా, ఒక్కసారే అయినా. ఇలా వచ్చినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. పొర పలచబడటమో, పిలకో కారణమవుతుంది. మిగిలిన ఆ ఒక్కరికి ఉండేది గర్భసంచి పొర క్యాన్సర్. అది మొదట్లోనే రక్తం చూపిస్తుంది కాబట్టి వెంటనే వెళ్తే చాలావరకు నయమవుతుంది. లోపలి నుంచి తీసే స్కాన్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షిస్తారు. బరువు ఎక్కువ, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లు మరీ త్వరపడాలి. పెద్ద వైద్యం అవసరమైతే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

కాపర్ టీ ఉంది. ఎప్పుడు తీయించుకోవాలి?

50 దాటాక ఆగితే చివరి డేట్ తర్వాత ఒక ఏడాది, 50లోపు ఆగితే రెండేళ్లు జాగ్రత్త కొనసాగించి, ఆపైన తీయించుకోండి. ఎప్పుడో పెట్టించుకుని మరిచిపోయినవాళ్లున్నారు. జీవితాంతం లోపలే ఉంచుకోవద్దు, ఇన్ఫెక్షన్ రావచ్చు. దారం కనబడకపోయినా స్కాన్‌లో తెలుస్తుంది.

మోకాళ్లు, నడుము పట్టేస్తున్నాయి. కాల్షియం మాత్రలు మింగాలా?

నెలసరి ఆగిన మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా తగ్గుతుంది. అయినా మోకాళ్ల నొప్పికి అది కారణం కాకపోవచ్చు, చాలావరకు కీలు అరగడం. ఎముక గుల్లబారినా నొప్పి ఉండదు. జారిపడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగినప్పుడే బయటపడుతుంది. రోజుకు సుమారు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ఆకుకూరలతో చాలావరకు వస్తుంది, తక్కువపడితేనే మాత్ర. డి విటమిన్ పరీక్ష చేసి తక్కువుంటే సరిచేసుకోవాలి. బీడీలు చుట్టే ఆడవాళ్లు రోజంతా నీడలో, ఒకే చోట కూర్చుంటారు కాబట్టి వాళ్లకు ఎండ, నడక రెండూ తక్కువే, కావాలని లేచి అరగంట నడవాలి. చుట్ట, బీడీ తాగే అలవాటుంటే మానేయండి. పొగ ఎముకను తినడమే కాదు, నెలసరిని ఒకటి రెండేళ్లు ముందే ఆపేస్తుంది. చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, 45లోపే నెలసరి ఆగినవాళ్లు డెక్సా అనే ఎముక స్కాన్ గురించి డాక్టర్‌ను అడగండి.